ఉదయం ఎదకొస్తే సాయంత్రం దాకా ఎందుకు ఆగాలి? వేసిన వీర్యం లోపల ఎక్కడ ఉంటుంది?

కంభం_పాడి · 9 జనవరి, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది కంభం దగ్గర పల్లె. రెండు సంకరజాతి ఆవులు, మూడు ముర్రా గేదెలు ఉన్నాయి. పెద్ద ఆవు రెండో ఈత ఈని అయిదు నెలలు దాటింది. రెండుసార్లు సెమెన్ (వీర్యం) వేయించాను, రెండుసార్లూ 21 రోజులకు మళ్ళీ పొర్లింది, అంటే చూలు నిలవక తిరిగి ఎదకొచ్చింది. రెండుసార్లూ తెల్లవారుజామున ఎద చూసి, ఏడింటికల్లా మనిషిని పిలిపించి వేయించాను. ఆలస్యం చేయలేదు.

ఇప్పుడు ఊళ్ళో ఒకాయన "తొందరపడ్డావు, ఉదయం ఎదకొస్తే సాయంత్రం వేయించాలి" అన్నాడు. ఈ మాట నేనూ విన్నాను. కానీ నాకు అర్థం కానిది ఒకటి ఉంది. వీర్యం లోపలికి పోయాక బతికే ఉంటుంది కదా? ముందే వేస్తే అక్కడ కాచుకుని ఉంటుంది, అండం వచ్చినప్పుడు కలుస్తుంది. ముందు వేస్తే వచ్చే నష్టం ఏంటి? అసలు ఆ కణాలు లోపల ఎక్కడ ఉంటాయి, ఎంతసేపు ఉంటాయి? ఇంకో పది రోజుల్లో మళ్ళీ ఎదకు వస్తుంది. ఈసారి కూడా పోతే నాకు చాలా నష్టం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

విశ్రాంత_పశువైద్యుడు · 9 జనవరి, రాత్రి 9:25

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాను, "ఎప్పుడు వేయించాలి" అని అడిగినవాళ్ళే గానీ "లోపల ఏం జరుగుతుంది" అని అడిగిన రైతులు తక్కువ.

ముందు లెక్క చూద్దాం. ఆవు ఇంకో ఆవును ఎక్కనిచ్చి కదలకుండా నిలబడే ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. మన ఎండల్లో, సంకరజాతి ఆవుల్లో ఇంకా తక్కువే ఉండొచ్చు. అండం ఎదలో ఉండగా విడుదల కాదు. ఎద ముగిశాక ఇంకో 10, 12 గంటలకు విడుదలవుతుంది. అంటే ఎద మొదలైన దగ్గర్నుంచి లెక్కేస్తే చాలా ఆవుల్లో 24 నుంచి 32 గంటలకు. విడుదలైన అండం ఆయుష్షు చాలా చిన్నది, 10, 12 గంటలు మించదు.

నువ్వు ఉదయం అయిదింటికి ఎద చూసి ఏడింటికి వేయించావు. అండం మర్నాడు ఉదయం గానీ మధ్యాహ్నం గానీ వస్తుంది. అప్పటికి వీర్యకణాలకు ఒక రోజు పైనే అయిపోతుంది. పైగా అవి గడ్డకట్టించి కరిగించిన కణాలు. ఆంబోతు నుంచి తాజాగా వచ్చినవాటికంటే వాటి ఆయుష్షు తక్కువ. ఉదయం, సాయంత్రం అనే నియమం అందుకే పుట్టింది. 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్, డేవిస్ అనే ఇద్దరు ఆవులకు వేర్వేరు గంటల్లో గర్భధారణ చేసి చూసి ఈ లెక్క తేల్చారు. ఇవాళ్టికీ చాలాచోట్ల చెప్పేది అదే.

లోపల ఎక్కడ ఉంటాయనేది రేపు రాస్తాను.

గోపాలమిత్ర_నల్గొండ · 9 జనవరి, రాత్రి 10:02

సార్ చెప్పింది పుస్తకం ప్రకారం కరెక్టే. కానీ ఫీల్డులో ఇంకో సంగతి ఉంది. రైతు అయిదింటికి ఎద చూశాడంటే ఎద అయిదింటికే మొదలైనట్టు కాదు. రాత్రి పదకొండుకే మొదలై ఉండొచ్చు, అప్పుడు కొట్టంలో ఎవరుంటారు? నేను ఉదయం ఫోన్ వస్తే ముందు అడిగేది ఒకటే: రాత్రి పడుకునేముందు చూశారా, అప్పుడు జిగురు తీగలు ఉన్నాయా? ఉన్నాయంటే అప్పుడే వెళ్ళి వేస్తాను. లేవంటే మధ్యాహ్నం దాకా ఆగుతాను. గుడ్డిగా సాయంత్రమే అనుకుంటే కొన్ని ఆవులకు ఆలస్యమైపోతుంది.

విశ్రాంత_పశువైద్యుడు · 10 జనవరి, ఉదయం 6:15

గోపాలమిత్ర చెప్పింది అనుభవం ఉన్న మాట, ఒప్పుకుంటున్నాను. తర్వాత వచ్చిన పరిశీలనలు కూడా అతని వైపే ఉన్నాయి. 1990లలో ఆవు వీపు మీద ఒత్తిడిని పట్టే పరికరాలు కట్టి, మొదటిసారి నిలబడిన క్షణం నుంచి గంటలు లెక్కపెట్టారు. అప్పుడు తేలింది ఏంటంటే, అసలు మొదలు నుంచి 4 గంటలు దాటాక 12 గంటల లోపు వేసినవి బాగా నిలిచాయి. మనం చూసే ఎద ఎప్పుడూ అసలు మొదలుకంటే కొంత ఆలస్యం. ఆ ఆలస్యాన్ని కలుపుకుని ఆలోచించాలి.

వర్జీనియాలో సాకీ అనే ఆయన చెప్పింది నాకు బాగా నచ్చుతుంది. తొందరగా వేస్తే కొన్ని అండాలకు వీర్యకణమే అందదు, అవి ఫలదీకరణ చెందవు. కానీ ఫలదీకరణ చెందినవాటి పిండాలు మంచి నాణ్యతతో ఉంటాయి. ఆలస్యంగా వేస్తే ఎక్కువ అండాలు ఫలదీకరణ చెందుతాయి, కానీ అండం ముసలిదవుతుంది కాబట్టి బలహీనమైన పిండాలు ఎక్కువ. అవి కొన్నాళ్ళకే పోతాయి. రెండు వైపులా నష్టం ఉంది కాబట్టి మధ్యలో వేస్తాం. తొందరగా వేసినప్పుడు పిండాలు బాగుండడానికి కారణం ఆయన చెప్పినది: అంతసేపు లోపల నిలబడి బతకగలిగేవి గట్టి కణాలే. లోపల ఒక వడపోత జరుగుతోంది.

జీవశాస్త్రం_మాస్టారు_వరంగల్ · 10 జనవరి, ఉదయం 10:30

ఇంటర్‌లో జంతుశాస్త్రం చెబుతాను. పాఠ్యపుస్తకంలో "వీర్యకణాలు ఈదుకుంటూ అండాన్ని చేరతాయి" అని ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని పరుగుపందెంలాగా ఊహించుకుంటారు. ఆ ఊహ తప్పు.

ఆంబోతు ఒకసారి వదిలే వీర్యంలో అయిదారు వందల కోట్ల కణాలు ఉంటాయి. సహజంగా కట్టించినప్పుడు అవి యోనిలో పడతాయి. అక్కడి నుంచి గర్భాశయ ముఖద్వారం దాటాలి. ఆ ద్వారంలో మడతలు, జిగురు ఉంటాయి. ఎద సమయంలో మీరు చూసే తీగలు ఆ జిగురే. ఆ మడతల్లో సరిగ్గా ఈదగలిగేవే ముందుకు పోతాయి. కృత్రిమ గర్భధారణలో ఈ అడ్డం దాటించి నేరుగా గర్భాశయంలో వేస్తారు కాబట్టే ఒక స్ట్రాలో (వీర్యం నింపి గడ్డకట్టించే సన్నని గొట్టం) 2 కోట్ల కణాలు సరిపోతున్నాయి.

గర్భాశయంలో పడ్డవన్నీ అక్కడే కూర్చోవు. సగానికి పైగా వెనక్కి జారి బయటికి వచ్చేస్తాయి. మిగిలినవాటి మీదికి తెల్ల రక్తకణాలు వస్తాయి, ఎందుకంటే తల్లి శరీరానికి అవి బయటి నుంచి వచ్చినవే. గంటల్లో అక్కడ శుభ్రం చేసే పని మొదలవుతుంది. కాబట్టి ఆవు గర్భాశయం వీర్యకణాలకు నిలవ ఉండే చోటు కాదు, దాటిపోవాల్సిన చోటు.

అసలు నిలవ ఉండేది ఆ పైన. గర్భాశయం కొమ్ము చివర, అండవాహిక మొదలయ్యే చోట ఒక సన్నని ఇరుకు ఉంటుంది. దాన్ని దాటాక అండవాహిక మొదటి భాగం కూడా ఇరుకే. అక్కడికి చేరేవి వేలల్లో మాత్రమే. కోట్లల్లోంచి వేలు! తెల్ల రక్తకణాల దాడి మామూలుగా అక్కడికి రాదు. ఆ ఇరుకులోనే అవి అండం కోసం ఆగుతాయి. ఆ చోటు నిండి, పని చేయగల స్థితికి రావడానికి ఆవులో ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది.

కంభం_పాడి · 10 జనవరి, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, దండాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక్క డౌటు. అక్కడ ఆగడం అంటే ఎలా ఆగుతాయి? తొట్టిలో నీళ్ళలాగా నిలబడతాయా? వీర్యకణం తోక కొట్టుకుంటూనే ఉంటుంది కదా, స్లైడు మీద చూపించారు నాకు ఒకసారి. కొట్టుకుంటూ ఉంటే అలసిపోదా?

ఇల్లినాయ్_విద్యార్థిని · 11 జనవరి, ఉదయం 7:50

నమస్తే అన్నా. మాది గుడివాడ, ఇక్కడ అమెరికాలో పశుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మీరు అడిగిన ప్రశ్న మీదే నా రోజులన్నీ పోతున్నాయి, అందుకే ఆఫీసు పనంతా పక్కన పెట్టి రాస్తున్నాను.

అవి తొట్టిలో నీళ్ళలాగా ఉండవు. అతుక్కుని ఉంటాయి. అండవాహిక లోపలి గోడ మీద సన్నని నూగులాంటి వెంట్రుకలు ఉంటాయి. వీర్యకణం తల వచ్చి ఆ నూగుకు అంటుకుంటుంది. ఊరికే జిగురు పట్టడం కాదు, తాళానికి తాళంచెవి లాంటిది. గోడ మీద చక్కెర తోకలు ఉన్న ప్రొటీన్లు ఉంటాయి. ఆవులో ఫ్యూకోజ్ అనే చక్కెర ముఖ్యం. వీర్యకణం తల మీద, ఆంబోతు వీర్యద్రవం నుంచి వచ్చి పూత పూసుకున్న ప్రొటీన్లు ఉంటాయి. అవి ఆ చక్కెరను పట్టుకుంటాయి. పందిలో వేరే చక్కెరలు, హ్యామ్‌స్టర్ అనే ఎలుకలో సియాలిక్ ఆమ్లం. ఒక్కో జంతువుకు ఒక్కో తాళం.

అంటుకున్న వీర్యకణం శాంతిస్తుంది. కణంలోపల క్యాల్షియం తక్కువగా ఉంటుంది, తోక నెమ్మదిస్తుంది, శక్తి ఖర్చు తగ్గుతుంది. విడిగా ద్రవంలో వదిలిన కణాలకంటే, అండవాహిక కణాలకు అంటుకున్నవి ఎక్కువసేపు బతుకుతాయి. నేను గిన్నెలో పెట్టి కళ్ళారా చూశాను. గోడకు అంటుకుని తోక మెల్లగా ఊపుతున్నవి ఒకవైపు, ద్రవంలో గిరగిరా తిరిగి కొన్ని గంటలకు ఆగిపోయినవి ఇంకోవైపు. మొదటిసారి చూసినప్పుడు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మకు అర్థం కాలేదు, సంతోషంగా ఉన్నానని మాత్రం అర్థమైంది.

ఇక విడుదల. అండం వచ్చే సమయానికి తల్లి శరీరంలో హార్మోన్లు మారతాయి. ప్రొజెస్టరాన్ పెరగడం అందులో ఒకటి. వీర్యకణం తల మీద ఉన్న ఆ పూత ఊడుతుంది. తోక కొట్టుకునే తీరు మారిపోతుంది: కొరడా ఝళిపించినట్టు బలంగా, వంకరగా కొట్టుకుంటుంది. ఆ బలంతో గోడ నుంచి ఊడి పైకి పోతుంది. అన్నీ ఒకేసారి కాదు, కొన్నికొన్నిగా.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది అన్నా. "ముందు వేస్తే కాచుకుని ఉంటాయి" అన్నారు. నిజమే, ఉంటాయి. ఆ ఏర్పాటే లోపల ఉంది. కానీ ఆవులో ఆ ఏర్పాటు ఒక రోజుకు సరిపడా మాత్రమే. గడ్డకట్టించిన కణాల్లో పూత దెబ్బతిని ఉంటుంది, కొన్ని ముందే విడుదల స్థితికి వచ్చేసి ఉంటాయి. అందుకే అవి ఇంకా తక్కువసేపు ఆగగలవు.

జీవశాస్త్రం_మాస్టారు_వరంగల్ · 11 జనవరి, ఉదయం 9:05

అమ్మా, ఎంత చక్కగా చెప్పావు. దీనికి ఒక చిన్న చరిత్ర కలుపుతాను. తాజా వీర్యకణం నేరుగా అండంలోకి దూరలేదు, ఆడ శరీరంలో కొన్ని గంటలు గడిపి సిద్ధం కావాలి అని 1951లో ఇద్దరు విడివిడిగా కనిపెట్టారు: అమెరికాలో కుందేళ్ళ మీద ఎం. సి. చాంగ్, ఆస్ట్రేలియాలో ఎలుకల మీద సి. ఆర్. ఆస్టిన్. అంతకుముందు గిన్నెలో అండాన్ని, వీర్యకణాన్ని కలిపినవాళ్ళకు ఎందుకు కుదరలేదో అప్పుడు అర్థమైంది. చాంగ్ 1959లో కుందేలు అండాన్ని గిన్నెలో ఫలదీకరణ చేసి పిల్లలను పుట్టించారు. మనుషుల్లో టెస్ట్‌ట్యూబ్ బిడ్డ 1978లో పుట్టింది. ఇన్ని ఇళ్ళల్లో ఇవాళ పిల్లలు తిరుగుతున్నారంటే ఆ వేచి ఉండే సమయాన్ని అర్థం చేసుకోవడం దానికి ఒక మెట్టు.

పుంజుల_భీమవరం · 11 జనవరి, మధ్యాహ్నం 2:30

సంక్రాంతి పనుల్లో ఉన్నా గానీ ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. పశువుల సంగతి నాకు తెలీదు, కోళ్ళ సంగతి తెలుసు. పెట్టను పుంజు దగ్గర్నుంచి విడదీసినా రెండు వారాల వరకు పెట్టే గుడ్లు పొదిగితే పిల్లలవుతాయి. అందుకే మేం జాతి మార్చేటప్పుడు పాత పుంజును తీసేసి మూడు వారాలు ఆగి కొత్తది వదులుతాం. మా తాతల కాలం నుంచి ఇదే లెక్క. ఆవులో ఒక్క రోజు, కోడిలో రెండు మూడు వారాలు. ఎందుకంత తేడా?

ఇల్లినాయ్_విద్యార్థిని · 11 జనవరి, సాయంత్రం 6:20

మీ తాతగారి లెక్క సరిగ్గా సరిపోతుంది బాబాయ్. కోడిలో గర్భాశయం (గుడ్డుకు పెంకు పట్టే సంచి), యోని కలిసే చోట గోడలో చిన్నచిన్న గొట్టాలు ఉంటాయి. ఆ గొట్టాల్లో వీర్యకణాలు రెండు మూడు వారాలు ఉంటాయి. టర్కీ కోడిలో పది వారాల దాకా. కోడి దాదాపు రోజుకో గుడ్డు పెట్టాలి, ప్రతి గుడ్డుకూ విడిగా పుంజు రావాలంటే కుదరదు. అందుకని రోజూ కొన్ని కొన్ని వదులుతుంది.

పాలిచ్చే జంతువుల్లో చాలావాటికి అలాంటి ప్రత్యేకమైన గొట్టాలు లేవు. ఎద, అండం విడుదల దగ్గరదగ్గరగానే జరుగుతాయి కాబట్టి ఎక్కువ రోజుల నిలవ అవసరం రాలేదు. అవసరం ఉన్న జంతువుల్లో మాత్రం నిలవ పెరిగింది. గుర్రంలో అయిదారు రోజులు. కుక్కలో వారం దాకా. కుక్కలో అండం విడుదలయ్యాక కూడా పండడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతదాకా వీర్యకణాలు ఆగాలి కదా.

చుక్క_కుక్కపిల్లలు · 11 జనవరి, రాత్రి 9:00

ఓ, అందుకేనా! మా వీధి కుక్క ఒకే ఈతలో ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగు బొచ్చుది, రెండు చెవులు వేలాడేవి పెట్టింది. అవి వేర్వేరు తండ్రుల పిల్లలని మా పాప వాదించింది. నేను నమ్మలేదు.

విశ్రాంత_పశువైద్యుడు · 11 జనవరి, రాత్రి 9:40

పాప చెప్పింది జరుగుతుందమ్మా. కుక్కల్లో ఒకే ఈతలో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలు ఉండడం అరుదేమీ కాదు. ముందు కలిసిన మగకుక్క కణాలు ఇంకా బతికి ఉండగానే తర్వాతి కుక్క కలుస్తుంది. అయితే రంగు తేడా ఒక్కటే రుజువు కాదు, ఒకే తండ్రి పిల్లల్లో కూడా రంగులు మారతాయి.

సరళ_స్టాఫ్‌నర్సు · 12 జనవరి, ఉదయం 11:15

మనుషుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ప్రసూతి వార్డులో పని చేస్తాను. పిల్లల కోసం ప్రయత్నించే ఆడపిల్లలు వచ్చి "పద్నాలుగో రోజు దాటిపోయింది మేడమ్, ఆ రోజు ఆయన ఊళ్ళో లేరు" అని ఏడుస్తారు. అత్తగారి మాటలు, చుట్టాల మాటలు, ఆ టెన్షన్ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒక ఆమెకు ఎక్కడో "అండం వచ్చిన రోజు ఒక్కటే పనికొస్తుంది" అని చెప్పి పంపారట. ఆమె ఆరు నెలలు ఆ ఒక్క రోజు మీదే ప్రాణం పెట్టుకుంది.

స్త్రీ శరీరంలో వీర్యకణాలు అయిదు రోజుల దాకా బతకగలవు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు, అక్కడి మడతలు, అండవాహిక వాటికి చోటిస్తాయి. అండం మాత్రం ఒక రోజు కూడా ఉండదు. 1995లో అమెరికాలోని నార్త్ కరోలినాలో 221 మంది స్త్రీలను గమనించి రాసిన అధ్యయనం ఉంది. అందులో వచ్చిన గర్భాలన్నీ అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు, ఈ ఆరు రోజుల్లో కలిసినప్పుడు వచ్చినవే. అండం విడుదలైన మర్నాటికి అవకాశం దాదాపు పోయింది. కాబట్టి ముందు రోజులే ముఖ్యం. పైగా నెలసరి అందరికీ 28 రోజులకు రాదు, అండం అందరికీ పద్నాలుగో రోజునే రాదు.

ఆడపిల్లలూ, ఆ ఒక్క రోజు పోయిందని ఏడవకండి. రెండు రోజులకొకసారి కలిస్తే చాలు, లోపల కాచుకుని ఉండే ఏర్పాటు మీ శరీరంలోనే ఉంది.

కంభం_పాడి · 12 జనవరి, రాత్రి 8:05

సరళమ్మా, మీ మాట మా ఆవిడకు చదివి వినిపించాను. మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది.

అడవిబాట · 13 జనవరి, ఉదయం 8:10

నేను చదివిన దాని ప్రకారం ఎలుగుబంటి అన్నిటికంటే ఎక్కువ రోజులు దాచుకుంటుంది. ఎండాకాలంలో కలిసి, నెలల తర్వాత గర్భం మొదలవుతుంది.

గబ్బిలాల_అక్క · 13 జనవరి, ఉదయం 10:45

తమ్ముడూ, అది వేరే సంగతి. ఎలుగుబంటిలో కలిసిన వెంటనే ఫలదీకరణ అయిపోతుంది. చిన్న పిండం తయారై గర్భాశయంలో గోడకు అంటుకోకుండా నెలల తరబడి ఆగుతుంది. ఆగేది పిండం, వీర్యం కాదు. నీటికుక్క (ఆటర్) కుటుంబానికి చెందిన మింక్ లాంటి వాటిలోనూ అంతే. రెండింటినీ చాలామంది కలిపేస్తారు.

వీర్యాన్నే అన్నిటికంటే ఎక్కువ రోజులు దాచే పాలిచ్చే జంతువు గబ్బిలం. నేను ఏళ్ళ తరబడి గబ్బిలాల వెంట తిరిగాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, విసుక్కోకండి.

ఐరోపాలో చలికాలమంతా గబ్బిలాలు నిద్రలో ఉంటాయి. పురుగులు దొరకవు. అవి శరత్కాలంలో, కొవ్వు పట్టి ఉన్నప్పుడు కలుస్తాయి. అప్పుడే గర్భం వస్తే పిల్లలు నడి చలికాలంలో పుట్టి చచ్చిపోతాయి. పిల్లలు పురుగుల కాలంలో పుట్టాలంటే గర్భం వసంతంలో మొదలవ్వాలి, కానీ నిద్ర లేచాక మళ్ళీ మగవాటిని వెతుక్కునే ఓపిక, సమయం ఉండదు. అందుకని ఆడగబ్బిలం వీర్యాన్ని చలికాలమంతా తన లోపల ఉంచుకుని, వసంతంలో అండాన్ని విడుదల చేస్తుంది. బ్రిటన్‌లో పాల్ రేసీ అనే శాస్త్రవేత్త కలిసిన ఆడగబ్బిలాలను మగవాటి నుంచి వేరుచేసి పెట్టి చూశారు. నాక్ట్యూల్ అనే జాతిలో 198 రోజుల తర్వాత కూడా ఆ వీర్యం పనిచేసింది. ఆరున్నర నెలలు!

ఆవు గర్భాశయంలో తెల్ల రక్తకణాలు గంటల్లో శుభ్రం చేస్తాయని మాస్టారు రాశారు. ఈ గబ్బిలాల్లో కొన్నిటికి గర్భాశయంలోనే వీర్యకణాలు నెలల తరబడి ఉంటాయి, తలలు గోడకు ఆనించి, వరుసగా. తల్లి శరీరం వాటిని పరాయివిగా చూడదు. అదే రక్షణ వ్యవస్థ, అదే రకం కణాలు, కానీ ఇక్కడ ఊరుకుంటుంది. సూక్ష్మదర్శినిలో ఆ వరుసలు చూసిన రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళాను, బస్సెక్కాలని తోచలేదు.

ఇది చలిదేశాల సంగతే అనుకోవద్దు. మన ఇళ్ళ కప్పుల్లో, తాటాకుల్లో ఉండే పసుపు పొట్ట గబ్బిలంలోనూ ఉంది. వారణాసిలో, నాగపూర్‌లో మనవాళ్ళే దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. జనవరిలో కలుస్తుంది. వీర్యం గర్భాశయం, అండవాహిక కలిసే చోట ఆగుతుంది. అండం మార్చి మొదట్లో వస్తుంది. మన దగ్గర అంత చలి లేదు, అవి ఐరోపా వాటిలా గాఢంగా నిద్రపోవు. కాబట్టి ఒళ్ళు చల్లబడడం ఒక్కటే దీనికి కారణం కాలేదు. తల్లి శరీరం వాటిని సాకుతోంది.

కంభం_పాడి · 13 జనవరి, రాత్రి 7:30

అక్కా, మా కొట్టం పెంకుల కింద గబ్బిలాలు ఉన్నాయి. సాయంత్రం ఒక్కొక్కటే బయటికి జారి పోతాయి. ఒకటి కింద పడితే చూశాను, పొట్ట పసుపుగానే ఉంది. అవేనా?

గబ్బిలాల_అక్క · 13 జనవరి, రాత్రి 8:00

అవే అయ్యుంటాయి తమ్ముడూ. అయితే మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఈ నెలలో మీ ఆవుల నెత్తి మీదే జరుగుతోంది. వాటిని కదపకండి, దోమల్ని తింటాయి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, కరిస్తే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

బ్రిస్బేన్_తెలుగు · 14 జనవరి, ఉదయం 5:50

ఆస్ట్రేలియా నుంచి ఒకటి కలుపుతాను. ఇక్కడ యాంటెకైనస్ అని ఎలుకంత ఉండే సంచి జంతువు ఉంది. ఏడాదికి ఒకేసారి, రెండు మూడు వారాలు కలిసే కాలం. అది ముగిసేసరికి మగవన్నీ చచ్చిపోతాయి. ఒత్తిడి హార్మోన్లు పెరిగి రోగనిరోధక శక్తి పడిపోతుంది. ఆడవి మాత్రం వీర్యాన్ని అండవాహిక గుంటల్లో రెండు వారాల దాకా దాచుకుంటాయి. అండం విడుదలయ్యే సమయానికి తండ్రి బతికి లేకపోవచ్చు.

గోపాలమిత్ర_నల్గొండ · 14 జనవరి, మధ్యాహ్నం 12:20

పండగ శుభాకాంక్షలు అందరికీ. ఒక డౌటు. లోపల అంత ఇరుకు పెట్టి వేలకు తగ్గించడం ఎందుకు? ఎక్కువ పోతే ఇంకా మంచిదే కదా?

ఇల్లినాయ్_విద్యార్థిని · 14 జనవరి, రాత్రి 8:45

కాదు అన్నా, ఎక్కువ పోతే ప్రమాదం. ఒక అండంలోకి ఒక్క వీర్యకణమే పోవాలి. రెండు మూడు దూరితే ఆ పిండం బతకదు. ఆర్. హెచ్. ఎఫ్. హంటర్ అనే ఆయన పందుల్లో ఆపరేషన్ చేసి, వీర్యాన్ని ఇరుకు దాటించి నేరుగా అండవాహిక పైభాగంలో వదిలి చూశారు. చాలా అండాల్లోకి ఒకటికంటే ఎక్కువ కణాలు దూరాయి. ఆ ఇరుకు దాచే చోటే కాదు, కొన్నికొన్నిగా వదిలే తలుపు కూడా.

ఇంకో మాట, లింగ నిర్ధారిత సెమెన్ (ఎక్కువగా ఆడదూడలే పుట్టేలా కణాలను వేరుచేసిన వీర్యం) వాడేవాళ్ళ కోసం. ఆ స్ట్రాల్లో 2 కోట్లకు బదులు 20 నుంచి 40 లక్షల కణాలే ఉంటాయి, వడగట్టే యంత్రంలో నలిగి ఉంటాయి. లోపల ఎక్కువసేపు ఆగలేవు. అందుకే వాటిని మామూలుకంటే కొంచెం ఆలస్యంగా, అండం వచ్చే సమయానికి దగ్గరగా వేయమంటారు.

విశ్రాంత_పశువైద్యుడు · 15 జనవరి, ఉదయం 7:00

కంభం తమ్ముడికి పనికొచ్చే మాటలు చెప్పి నేను ఆగుతాను. రాత్రి పడుకునేముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొట్టంలోకి వెళ్ళి చూడు. రాత్రి పదింటికి ఏమీ లేక ఉదయం అయిదింటికి నిలబడితే, మధ్యాహ్నం తర్వాత వేయించు. రాత్రే తీగలు, అరుపులు ఉంటే ఉదయమే వేయించు. స్ట్రాను 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు ఉంచి కరిగిస్తున్నారో లేదో పక్కన నిలబడి చూడు. జేబులో వేడికో, అరచేతుల మధ్య రుద్దో కరిగించడం చూశాను నేను. అలా చేస్తే లోపల ఎంత మంచి చోటు ఉన్నా ఏం లాభం?

గేదెల్లో ఇంకా జాగ్రత్త. వాటిది చాలాసార్లు మూగ ఎద. ఎక్కువగా రాత్రిపూట వస్తుంది, అరుపు ఉండదు, తీగలు తక్కువ. పాలు తగ్గడం, మాటిమాటికీ మూత్రం పోయడం చూసుకోవాలి.

కంభం_పాడి · 20 జనవరి, రాత్రి 9:10

రాత్రి పదిన్నరకు చూశాను, ఏమీ లేదు. ఉదయం నాలుగున్నరకు నిలబడింది. సాయంత్రం నాలుగింటికి వేయించాను. నీళ్ళు, థర్మామీటర్ నేనే దగ్గరుండి చూశాను. వచ్చినతను కొంచెం చిరాకుపడ్డాడు, తర్వాత తనే నవ్వి సరే అన్నాడు.

కంభం_పాడి · 11 ఫిబ్రవరి, ఉదయం 6:30

22 రోజులు. పొర్లలేదు.

విశ్రాంత_పశువైద్యుడు · 11 ఫిబ్రవరి, ఉదయం 7:15

సంతోషం తమ్ముడూ. కానీ ఇప్పుడే చూలు అనుకోవద్దు. 60 రోజులు దాటాక చేయి పెట్టించి చూడి పరీక్ష చేయించు, అప్పుడు రాయి.

కంభం_పాడి · 2 ఏప్రిల్, రాత్రి 8:20

పరీక్ష చేశారు, ఆవు చూలుతో ఉంది. మొన్న ఫిబ్రవరిలో గేదెకు కూడా వేయించాను, అది నిలవలేదు, మళ్ళీ పొర్లింది. ఎద ఎప్పుడు మొదలైందో పట్టుకోలేకపోయాను. దాని కోసం ఇప్పుడు కొట్టంలోనే మంచం వేసుకున్నాను.

అక్కా, గబ్బిలాలు అలాగే ఉన్నాయి. రాత్రుళ్ళు కింద పడుకుంటే వాటి చప్పుడు వినిపిస్తోంది. వాటికీ ఈపాటికి చూలు నిలిచి ఉంటుందా?

గబ్బిలాల_అక్క · 2 ఏప్రిల్, రాత్రి 9:35

నిలిచే ఉంటుంది తమ్ముడూ, అండం వచ్చి నెల దాటింది. వీటికి ఎక్కువగా కవలలు పుడతాయి, జూన్, జూలై నెలల్లో. మీరు దోమలకు కొట్టంలో పొగ వేస్తారు కదా? ఆ రెండు నెలలు మాత్రం ఆ మూల పెంకుల కింద వేయకండి. పిల్లలు ఎగరలేవు, తల్లులు భయపడి వదిలేస్తే కింద పడిపోతాయి. కుంపటిని గేదెల వైపు జరపండి, చాలు.